పాత మెయిల్‌కి రిప్లై ఇస్తే తిరిగొచ్చేది: రెండు కంపెనీల మెయిల్ కలిపిన నా అనుభవం

నిన్న రాత్రి పాత మెయిల్ సర్వర్లను ఆపేశాం. ఈ రోజు మధ్యాహ్నం దాకా ఒక్క ఫిర్యాదు రాలేదు. వేల మంది ఉన్న కంపెనీలో మెయిల్ మార్చాక హెల్ప్‌డెస్క్ ఫోను మోగకపోతే ఎంత హాయిగా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. వివరాలు మరిచిపోకముందే రాస్తున్నాను. ఈ పనికి పుస్తకాలు దేనికని అడిగేవాళ్లు ముఖ్యంగా చదవాలి.

మా కంపెనీ ఇంకో కంపెనీని కొన్నది. రెండు చోట్లా మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజే, కానీ డైరెక్టరీలు (ఉద్యోగుల ఖాతాల జాబితాలు) వేరు, అడ్రస్ బుక్కులు వేరు. వాళ్ల మెయిల్‌బాక్సులు, క్యాలెండర్లు, షేర్డ్ ఫోల్డర్లు అన్నీ మా వైపు తేవాలి.

మొదలుపెట్టే ముందే కొన్ని పుస్తకాలు కొనమని ఇండెంట్ పెట్టాను. పర్చేజ్ విభాగం "ఇవన్నీ నెట్‌లో దొరుకుతాయి" అని రాసి తిప్పి పంపింది. అదే ఫైల్లో కన్సల్టెంట్ ఫీజుకి మాత్రం మారుమాట లేకుండా సంతకాలు పడ్డాయి. ఆ కోపం నాకింకా తగ్గలేదు. నెట్‌లో వెతకాలంటే ఏం వెతకాలో ముందు తెలియాలి కదా! పెద్ద కంపెనీలో మెయిల్ చెడినప్పుడు సగం రోజులు ఆ సమస్య పేరేంటో పట్టుకోవడానికే పోతాయి.

సొంత డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో కొన్ని తెచ్చుకున్నాను. ఐబీఎమ్ రెడ్‌బుక్స్ పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి, వాటిలో డొమినో మీద రాసినవి కూడా దించుకున్నాను. డొమినో అంటే లోటస్ నోట్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌కి సర్వర్. నోట్స్ 1989లో వచ్చింది, 1995లో లోటస్‌ని ఐబీఎమ్ కొన్నది, 2019లో నోట్స్, డొమినో హెచ్‌సీఎల్ చేతికి వెళ్లాయి. కాబట్టి అవి పాతబడ్డ పుస్తకాలేనని చాలామంది అనుకుంటారు. కానీ రెండు మెయిల్ వ్యవస్థలు కొంతకాలం పక్కపక్కన నడవాల్సి వస్తే డైరెక్టరీలను ఎలా కలపాలి, మెయిల్ ఏ దారిన పోవాలి అన్న విషయాలు అందులో ఓపిగ్గా రాశారు. ఏ పుస్తకమైనా కొనే ముందు విషయసూచిక చూడండి. సగం పేజీలు ఇన్‌స్టలేషన్ స్క్రీన్‌షాట్లే అయితే అక్కడే పెట్టేయండి. ఇన్‌స్టాల్ చేయడం ఎవరికైనా వస్తుంది.

ఎమ్ఎక్స్ రికార్డు (మా డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) మార్పు తేలిగ్గా అయిపోయింది. టీటీఎల్ (పాత రికార్డుని బయటి సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువు) ముందే 300 సెకన్లకు తగ్గించి పెట్టాం. ఎస్‌పీఎఫ్‌లో (మా పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో చెప్పే రికార్డులో) డీఎన్ఎస్ లుకప్‌లు 10 దాటకూడదన్న నియమం ఉంది కాబట్టి రెండు కంపెనీల రికార్డులు కలిపేటప్పుడు కొన్ని పాత ఎంట్రీలు తీసేశాం. అటాచ్‌మెంట్ సైజు మీద కొంత గొడవ జరిగింది. లిమిట్ 10 ఎంబీ అన్నారు, 9 ఎంబీ ఫైలు బయటికి ఎందుకు పోదని అకౌంట్స్ వాళ్లు పేచీ పెట్టారు. మెయిల్లో పంపడానికి ఫైలుని అక్షరాలుగా మార్చే బేస్64లోకి మారితే ఫైలు సుమారు మూడో వంతు పెరుగుతుందని చెప్పాక ఊరుకున్నారు.

అసలు కథ మెయిల్‌బాక్సుల దగ్గర మొదలైంది. ఒక ఫారెస్ట్ (ఒక కంపెనీ డైరెక్టరీ మొత్తానికి పేరు) నుంచి ఇంకో ఫారెస్ట్‌కి పద్ధతి ప్రకారం మూవ్ చేద్దామని నేను రాతపూర్వకంగా చెప్పాను. కన్సల్టెంట్ అది ఆలస్యమవుతుందన్నాడు. పాత బాక్సుల్ని పీఎస్టీ ఫైళ్లుగా (ఔట్‌లుక్ మెయిళ్లు దాచే ఫైళ్లు) తీసి, కొత్త బాక్సుల్లో పోస్తే చాలన్నాడు. పైవాళ్లకి ఆ తొందరే నచ్చింది.

అలా మార్చాక సోమవారం ఉదయం చూస్తే బయటి మెయిళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. కొత్తగా అడ్రస్ టైప్ చేసి పంపిన మెయిల్ చేరుతోంది. కానీ గత వారం తోటి ఉద్యోగి పంపిన మెయిల్ తెరిచి రిప్లై కొడితే మాత్రం బౌన్స్ అవుతోంది. అదే మనిషి, అదే పేరు! ఎర్రర్ 5.1.1, అంటే ఆ గ్రహీత లేడని. ఆ మనిషేమో పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. బౌన్స్‌లో అడ్రస్ చూస్తే ఐఎమ్‌సీఈఏఈఎక్స్ అని మొదలై, అండర్‌స్కోర్లు, ప్లస్ 20లు, మధ్యలో అక్షరాలు, పొడుగాటి తాడులా ఉంది. మా టీమ్‌లో ఎవరికీ అంతు చిక్కలేదు.

కన్సల్టెంట్ దగ్గర ఒకటే మందు. "ఆటోకంప్లీట్ క్యాష్ క్లియర్ చేయించండి సార్, సరిపోతుంది." ఔట్‌లుక్ గుర్తుపెట్టుకున్న అడ్రసుల జాబితాని వేల మంది చేత చెరిపించాం. కొత్త మెయిళ్లకి కొంత పనిచేసింది కానీ, రిప్లైలు అలాగే తిరిగొచ్చాయి. పాత మీటింగులు రద్దు చేస్తే ఆ రద్దు నోటీసులూ తిరిగొచ్చాయి, రద్దయిన మీటింగులకి జనం వెళ్లి కూర్చున్నారు.

రివ్యూ మీటింగ్‌లో ఎండీ గారి సెక్రటరీ ప్రింట్ తీసిన బౌన్స్ కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. "ఏమండీ, ఉత్తరానికి జవాబు ఇవ్వడం కూడా ఆగిపోవాలా మీ ప్రాజెక్టు వల్ల?" అని ఫైనాన్స్ హెడ్ అందరి ముందూ నన్నే అడిగారు. కన్సల్టెంట్ నా పక్కనే ఉన్నాడు, నోరు విప్పలేదు. నా పాత మెయిల్ తీసి చూపించే అవకాశం కూడా ఇవ్వలేదు. "సాయంత్రానికి తేల్చండి, లేకపోతే వెనక్కి తిప్పేయండి" అన్నారు. అప్పటికి కొత్త బాక్సుల్లో మెయిల్ పడుతోంది, వెనక్కి తిప్పడమంటే అదంతా గల్లంతవడమే. ఆ గదిలో నిలబడ్డ టెన్షన్ చెప్పలేను.

దారి చూపింది ఒక పాత పుస్తకం. 1997లో వచ్చిన ఎక్స్ఛేంజ్ 5.5 గురించి రాసినది. స్టోర్ రూమ్‌లో పారేయబోతున్న కట్టలోంచి నేనే తీసి దాచాను. ఆ రోజుల్లో ఎక్స్ఛేంజ్‌కి తన సొంత డైరెక్టరీ ఉండేది, అందులో ప్రతి మనిషికీ ఎక్స్.500 తరహా పేరు ఉండేది: సంస్థ, దాని కింద సైటు, దాని కింద గ్రహీతలు, చివర మనిషి. ఎక్స్ఛేంజ్ 2000 వచ్చాక ఆ డైరెక్టరీ విండోస్‌తో వచ్చే యాక్టివ్ డైరెక్టరీలోకి మారింది కానీ ఆ పేరు పోలేదు. లెగసీ ఎక్స్ఛేంజ్ డీఎన్ అనే గడిలో ఇప్పటికీ ఉంటుంది. కంపెనీ లోపల తిరిగే మెయిల్ మీద పంపినవాడి గుర్తు ఈ పేరే, @ ఉన్న అడ్రస్ కాదు. రిప్లై కొడితే ఔట్‌లుక్ దాన్నే వెతుకుతుంది. మేము పాత మెయిళ్లు తెచ్చాం, ఆ మెయిళ్ల మీద పాత పేర్లున్నాయి, కొత్త డైరెక్టరీలో ఆ పేర్లు గలవాళ్లు ఎవరూ లేరు. కొత్త పుస్తకాల్లో ఈ గడి పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఎందుకుందో ఆ పాత పుస్తకమే విడమరిచింది.

అది అర్థమయ్యాక మందు చిన్నదే. పాత డైరెక్టరీలోంచి ప్రతి ఒక్కరి లెగసీ ఎక్స్ఛేంజ్ డీఎన్ ఒక సీఎస్‌వీలోకి తీశాను. దాన్ని కొత్త ఖాతా ప్రాక్సీ అడ్రసుల్లో (ఒకే ఖాతాకి ఉండే అదనపు అడ్రసులు) ఎక్స్500 అనే రకంగా చేర్చే పవర్‌షెల్ స్క్రిప్ట్ రాశాను. ముందు ఎండీ గారి సెక్రటరీ ఖాతా మీద నడిపించి, పాత మెయిల్ ఒకటి తెరిచి ఆవిడకి రిప్లై పంపించాం. చేరింది. చీకటి పడేలోపు అందరికీ నడిపించాం. రద్దయిన మీటింగుల నోటీసులు కూడా చేరడం మొదలైంది. కంపెనీ మొత్తంలో ఈ జవాబు పట్టుకున్నది నేను. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను. నేను చెప్పిన పద్ధతిలో మూవ్ చేసి ఉంటే దానికి ముందు నడిపే తయారీ స్క్రిప్టే ఈ పాత పేర్లను కొత్త ఖాతాకి తగిలించేది, ఈ రభసే ఉండేది కాదు.

మీకూ ఇదే వచ్చి, పాత డైరెక్టరీ అప్పటికే పోయి ఉంటే కంగారుపడకండి. బౌన్స్ మెయిల్లోనే పేరు ఉంటుంది. ఐఎమ్‌సీఈఏఈఎక్స్ ముక్కా, చివర @ తర్వాత ఉన్న డొమైనూ తీసేసి, అండర్‌స్కోర్ ఉన్నచోట ముందుకు వాలిన గీత (/), ప్లస్ 20 ఉన్నచోట ఖాళీ, ప్లస్ 28, 29 ఉన్నచోట బ్రాకెట్లు పెట్టండి. వచ్చినదాన్ని ఎక్స్500గా చేర్చండి.

పైలట్‌కి, అంటే ముందు కొద్దిమందితో చేసే పరీక్షకి, ఐటీ వాళ్లని పెట్టుకోకండి. మా కన్సల్టెంట్ అదే చేశాడు, అందుకే ఏదీ బయటపడలేదు. ఇంకొకరి క్యాలెండర్ నడిపే సెక్రటరీని, పదేళ్ల పాత మెయిళ్లకి రిప్లై కొట్టే మనిషిని పెట్టుకోండి. పుస్తకాలన్నీ పైలట్ గురించి చెబుతాయి కానీ ఎవరిని ఎంచుకోవాలో సరిగ్గా చెప్పినవి తక్కువే. క్యాలెండర్ విషయంలో అయితే అన్నీ నిరాశపరిచాయి. రిపీటయ్యే మీటింగుల రూమ్ బుకింగులు మేము చేత్తోనే మళ్లీ పెట్టుకున్నాం.

సర్వర్లు ఆపే ముందు ఆ సీఎస్‌వీ కాపీ రెండు వేర్వేరు చోట్ల దాచాను. అవసరం లేనివని ఎవరైనా శుభ్రం చేయబోతారని, ఎక్స్500 అడ్రసులు తీసేయవద్దని ఆపరేషన్స్ మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో రాయించాను. పుస్తకాల ఇండెంట్ ఈ రోజు మళ్లీ పెట్టాను, ఈసారి దానికి ఆ బౌన్స్ కాగితాల కట్ట జత చేశాను.