స్లాబు మాట తర్వాత: బరంపురం పెంకుటింటి మరమ్మతుకు ముందు చూసుకున్నవి

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్లు దాదాపు ఒకే తీరు. వీధివైపు అరుగు, ఇరుకు ముఖం, పెరటిదాకా వరసగా గదులు, అటూ ఇటూ పొరుగువాళ్లతో ఉమ్మడి గోడలు. మేం బాగుచేయించింది కూడా అలాంటి ఇల్లే. ఏ మిస్త్రీ వచ్చినా గడప దాటకముందే "పెంకులు దింపేసి స్లాబు వేసేద్దాం బాబూ" అన్నాడు. నేను మాత్రం ముందు గోడ సంగతి తేల్చుకున్నాను.

అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైనే తూగుతుంది. బెంగుళూరు పెంకు, దాని కింద కర్ర కలిపితే 70 కిలోల చుట్టుపక్కల. అంటే గోడమీద నాలుగింతలు కొత్త బరువు. పాత గోడ మట్టితో కట్టిందా, సున్నంతోనా అన్నది ఇక్కడే తేలాలి. అడుగు చదరం మేర పూత గీకి, ఇటుకల మధ్య నుంచి చిన్న గడ్డ తీసి నీళ్ల గ్లాసులో వేశాను. మట్టయితే గంటలో బురదవుతుంది. సున్నం విడిపోదు, దానిమీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ఒకే ఇంట్లో ముందు గది సున్నంతోనూ, తర్వాత కలిపిన వెనక గది మట్టితోనూ ఉండొచ్చు, కాబట్టి ప్రతి గదిలో విడిగా చూడాలి. పునాది లోతుకు బయట ఒక మూల చిన్న గొయ్యి తవ్వించి, చూసిన వెంటనే పూడ్పించాలి. గోడ కిందికి తవ్వనివ్వకూడదు. మట్టి గోడ అని తేలితే స్లాబు ఆలోచన అక్కడితో సరి, లేదా విడిగా పిల్లర్లు లేపాలి. పిల్లర్లయితే ఇంజనీరు లేకుండా అడుగు వేయొద్దు.

బీటలకు పక్కన పెన్సిలుతో తేదీ రాసి, అడ్డంగా సన్నటి గాజుముక్క ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించాను. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. ఇటుకల మధ్యగా మెట్లు మెట్లుగా ఏటవాలున దిగే బీట సాధారణంగా పునాది కుంగుబాటు వల్ల వస్తుంది. పూతలో వెంట్రుకల్లాంటి గీతలకు బెంగ అక్కర్లేదు. ఒక వానాకాలం పూర్తిగా గడవనిస్తేనే ఈ గాజుముక్క చెప్పే మాటకు విలువ.

నీళ్ల సంగతీ ఆ వానల్లోనే తెలుస్తుంది. నేలనుంచి రెండు మూడడుగుల ఎత్తున తెల్లటి ఉప్పు గీత వరసగా కనిపిస్తే చెమ్మ కిందినుంచి ఎక్కుతోంది; అక్కడక్కడ మచ్చలుగా ఉంటే పైనుంచి కారుతోంది. మా వీధుల్లో మొదటిదానికి పెద్ద కారణం రోడ్డు. ఏళ్ల తరబడి దానిమీద పొరమీద పొర వేస్తూ పోతే ఇంటి నేల వీధికంటే దిగువకు పోతుంది. నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసి ఆ తేడా కొలిచి, కాలువ ఎటు తిప్పాలో ముందు నిర్ణయించాలి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి ఆరక ఇంకా పైకి పాకుతుంది. ఆ పూత తీసేసి 1:3 సున్నం, ఇసుక పూయడమే దారి.

కర్రలో చూడాల్సినవి గోడలో దాగిన దూలం చివరలే, నడుమ భాగం కాదు. స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిందంటే ఆ దూలం మార్చాలి. చెదలుంటే గోడా నేలా కలిసే చోట అడుగుకొక రంధ్రం, 12 మిల్లీమీటర్లది, వేయించి, ఒక్కోదానిలో లీటరు మందు పోయాలి. క్లోర్‌పైరిఫాస్ 20 శాతానిదైతే లీటరుకు 19 లీటర్ల నీళ్లు. బావి పక్కన మాత్రం దీని జోలికి పోవద్దు.

కరెంటుకు ఎక్కువ ఆలోచన అక్కర్లేదు: కర్రపట్టీల మీద పాత వైరింగ్ ఉంటే మొత్తం మార్చడం, ఎర్తింగ్ కొత్తగా వేయడం, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) పెట్టడం. గోడ కోసేటప్పుడు అడ్డంగా పొడుగాటి గాళ్లు కొట్టనివ్వకండి, నిలువుగానే.

కాగితాల్లో అందరికీ తగిలే చిక్కు, పట్టా ఇంకా తాతగారి పేరునే ఉండటం. రికార్డు ఒడియాలో ఉంటుంది. మనకు చదవడం రాకపోతే వచ్చినవాళ్ల చేత ఖాతా, ప్లాటు నంబరు, 'ఘరబారి' (ఇంటి స్థలం) అన్న కిసం, అంటే భూమి రకం, డిసిమిళ్లలో విస్తీర్ణం చదివించుకోవాలి. డిసిమిల్ అంటే 435.6 చదరపుటడుగులు. అమీన్ (భూమి కొలిచే సర్వేయరు) చేత కొలిపించి సరిపోల్చాకే బ్యాంకు అప్పు మాట. ఉమ్మడి గోడలో పొరుగువాళ్ల దూలాలు ఎక్కడ ఆనాయో వాళ్ల ఇంట్లోకి వెళ్లి చూసి, ఏ చివరను కదపబోమో కాగితం మీద రాసుకుంటే తర్వాత మాట రాదు.

అంచనా మొత్తంగా ఒక అంకెలో ఇస్తే తీసుకోలేదు. పూతకు చదరపుటడుగుకింత, కరెంటుకు పాయింటుకింత, కర్రకు ఘనపుటడుగుకింత అని విడదీయించాను. పాత ఇంట్లో పూత తీశాకే సగం పని కనబడుతుంది కాబట్టి పైన 15 నుంచి 20 శాతం పక్కన పెట్టాలి.

ముహూర్తం కంటే వాతావరణం ముఖ్యం. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో కప్పు తెరిచి ఉంచడం నిప్పుతో ఆట. పెంకులు జనవరిలో దింపి, ఏప్రిల్ గాలివానలకు ముందే కప్పు మూయాలి. దింపిన పెంకులను నిలువుగా ఆనించి పేర్చితే తక్కువ పగులుతాయి. చదరపు మీటరుకు సుమారు 14 పెంకులు పడతాయి, దానిపై పది శాతం అదనంగా తెప్పించాలి, అదీ పాత కొలతకు సరిపడే అచ్చుది ఎక్కడ దొరుకుతుందో ముందే వాకబు చేశాకే.