అనాసకు రెండు పేర్లు

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఒక హోటల్ వంటగదిలో చేరిన తొలివారం అది. పెద్ద వంటాయన నా వైపు తిరిగి "అననాష్!" అని కేకేశారు. ఆ రోజు ఆయన నోట వచ్చిన మాటల్లో నాకు వెంటనే అర్థమైనది అదొక్కటే. సంతోషంగా పరుగెత్తి అనాసపండు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

తప్పు పండులో ఉంది. ఆయనకు అననాష్ అంటే అసోరెస్ దీవుల్లో అద్దాల గదుల్లో పండించే చిన్న పండు. నేను తెచ్చినది ఓడల్లో దిగుమతయ్యే పెద్ద రకం, దాని పేరు అబకషీ. నాతో పనిచేసే బ్రెజిల్ అమ్మాయికి మాత్రం రెండూ అబకషీలే.

హైదరాబాద్‌లో ఆరు నెలలు ఫోనులో విని నేను నేర్చుకున్నది ఆ అమ్మాయి మాట్లాడే బ్రెజిల్ పోర్చుగీసే. బ్రెజిల్‌లో ఫ్రిజ్ జెలాదేయిరా, ఇక్కడ ఫ్రిగొరీఫికు. అక్కడ రైలు త్రేం, ఇక్కడ కొంబోయు. మాటలు బట్టీ పట్టవచ్చు, ఉచ్చారణే కష్టం. బ్రెజిల్ వాళ్లు అచ్చులను విప్పి పలుకుతారు, మాటలు అచ్చులతో ముగిసే అజంత భాషకు అలవాటుపడిన నా చెవికి అది హాయి. లిస్బన్ వాళ్లు అచ్చులను మింగేస్తారు. బ్రెజిల్ 'తెలెఫోని' ఇక్కడ 'త్లఫోన్' అవుతుంది. గిన్నెలు కడిగే, ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డె దీవుల ఆవిడ మాతో పోర్చుగీసు మాట్లాడినా, ఇంటికి ఫోను చేస్తే క్రియోలులోకి మారిపోతుంది. అందులో మాటలు చాలావరకు పోర్చుగీసువే, వ్యాకరణం మాత్రం వేరు.

రాత్రి తరగతిలో పోర్చుగీసు పుట్టుక విన్నాను. రోమన్లు తెచ్చిన వాడుక లాటిన్ స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం వాయవ్య మూలన గలీసియా ప్రాంతంలో మారుతూ ఈ భాష అయింది. దక్షిణానికి దిగేకొద్దీ అరబ్బీ మాటలు కలిశాయి. మా వంటగదిలో చక్కెర (అసూకర్), ఆలివ్ నూనె (అజైత్) ఆ బాపతువే. పోర్చుగల్ రాజు దినీస్ 1290లో దీన్ని పాలనా భాష చేశాడు. బ్రెజిల్ తీరానికి పోర్చుగీసు ఓడలు చేరింది 1500లో.

అననాష్, అబకషీ రెండూ అక్కడి ఆదివాసుల తుపీ భాష మాటలే. మొదటిదాన్ని నావికులు మన తీరానికీ మోసుకొచ్చారు, అలా అది అనాస అయింది. అలమార, మేస్త్రీ కూడా ఆ ఓడల్లో వచ్చినవే. కేప్ వెర్డె ఆవిడ నన్ను 'బాల్ద్' అడిగితే బాల్చీ అందిస్తాను.

ఇప్పుడు సరుకుల పెట్టెలకు చీటీలు అతికించే పని నాదే. రెండు రకాల పండ్లకూ పెద్ద వంటాయన చెప్పిన పేర్లే రాస్తాను. అసోరెస్ పండ్ల చీటీ మూల మాత్రం చిన్న అక్షరాలతో 'అనాస' అని కూడా రాసుకుంటాను.