చెల్లి సైన్సు పరీక్షకు పాఠాలు రికార్డు చేశాను: నా అనుభవం

మా పిన్ని కూతురికి చూపు లేదు. భౌతికశాస్త్రం అంతా వినే చదవాలి. పరీక్షలో తను చెబుతుంటే స్క్రైబ్ రాస్తారు. సౌండ్ రికార్డింగ్ నా వృత్తి కాబట్టి, పాఠాలు చదివిపెట్టే పని నేనే తీసుకున్నాను.

మొదట్లో ఫోన్‌లో చదివి వినిపించేదాన్ని. పని అంటే ఎఫ్ ఇంటూ ఎస్ అనగానే, "అక్కా, ఎస్ ఇంటూ ఎస్సా?" అనేది. తన చెవుల్లో లోపమేమీ లేదు. మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే మోస్తుంది. ఎఫ్‌నీ ఎస్‌నీ వేరుచేసే బుసలాంటి శబ్దం చాలావరకు అంతకు పైనే ఉంటుంది. లైను దాన్ని కోసేస్తే బలమేదో, స్థానభ్రంశమేదో ఎలా తెలుస్తుంది?

అందుకని మైక్ పెట్టి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి (ఇదే శాంప్లింగ్ రేటు), ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా దాచడం. శాంప్లింగ్ రేటులో సగం దాకా పౌనఃపున్యాలు నిలుస్తాయి కాబట్టి, మనిషి చెవి అందుకునే 20 కిలోహెర్ట్జ్ అందులో పూర్తిగా పడుతుంది. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటూ ఇంకా పైకి వెళ్లమని సలహాలొచ్చాయి. పాఠం వినేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదని నా గట్టి అభిప్రాయం. అసలు సమస్య గది.

తను అన్నీ రెట్టింపు వేగంతో వింటుంది. ఆ వేగంలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఒక అక్షరం తోకను తర్వాతి అక్షరం మీద పడేస్తుంది. ఈ మాట చెబితే వెంటనే పట్టుకుంది: "ప్రతిధ్వని వినపడాలంటే గోడ 17.2 మీటర్ల దూరంలో ఉండాలిగా? నీ గది అంత లేదుగా?" పాఠంలోని లెక్క అదే. శబ్దవేగం సెకనుకు 344 మీటర్లు, వెళ్లి రావడానికి 0.1 సెకను. చిన్న గదిలో అంతకంటే ముందే తిరిగొస్తుంది కనుక విడిగా వినపడదు, అసలు మాటలోనే కలిసిపోతుంది. అది ప్రతినాదం. ఆ రెండింటి భేదం తనకు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

చుట్టూ మందపాటి దుప్పట్లు వేలాడదీసి, మైక్ నోటికి దగ్గరగా, కాస్త పక్కకు పెట్టాను. దూరం సగమైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది శబ్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం వెళ్లలేదు. అది ఫ్యాన్ హోరుతోపాటు హకారాల్నీ, పదాల చివర్లనూ మింగేస్తుంది.

ఇంత చేసినా సూత్రాల దగ్గర ఆగిపోయాం. త్వరణం "వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ బై టూ ఎస్" అని స్పష్టంగానే చదివాను. "అక్కా, బై టూ ఎస్ మొత్తానికా, యు స్క్వేర్‌కేనా?" అని అడిగింది. కాగితం మీదైతే ఒక్క గీత చాలు. శబ్దం ఎంత శుభ్రంగా ఉన్నా ఆ గీత వినపడదు. ఇక ఇద్దరం కూర్చుని పద్ధతి కుదుర్చుకున్నాం: "లవం మొదలు, వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్, లవం పూర్తి. హారం, టూ ఎస్." మధ్యమధ్యలో చిన్న విరామం. ప్లేయర్‌లో నిశ్శబ్దాన్ని దాటేసే సెట్టింగ్ ఆపేయమన్నాను. అది ఉంటే ఆ విరామాలే పోతాయి.

పరీక్షలో స్క్రైబ్‌కు కూడా అదే పద్ధతిలో చెప్పిందట, ఎక్కడా రెండోసారి చెప్పాల్సిన పని పడలేదట. శ్రేణిలో, సమాంతరంగా కలిసున్న నిరోధాల లెక్క మాత్రం చాలాసేపు పట్టిందని, అది నిజంగానే కష్టమైనదని చెప్పింది.

రసాయనశాస్త్రం పేపరుకు ఇంకా వ్యవధి ఉంది. అణువుల ముందు రాసే అంకెలకూ కింద రాసే అంకెలకూ వేరే మాటలు కుదుర్చుకుంటున్నాం.