నాన్న జనతాకి కొత్త స్ప్రింగు

ఈ రోజు సెలవు పెట్టినందుకు ఫలితం దక్కింది. నాన్న హెచ్‌ఎమ్‌టీ జనతా వాచీ మళ్లీ నడుస్తోంది.

కొన్నాళ్లుగా దానికి కీ ఎంత తిప్పినా బిగిసేది కాదు. కీ ఇచ్చే వాచీకి కాసేపటికి వేళ్లకి బిగువు తగలాలి. ఇది మాత్రం తిరుగుతూనే ఉండేది. అంటే వాచీని నడిపే చుట్ట, మెయిన్‌స్ప్రింగు, తెగిందనో, దాని కొక్కెం జారిందనో అనుకోవచ్చు. కాస్త కదిపితే అటూ ఇటూ ఊగుతూ టైము నిలిపే బ్యాలెన్సు చక్రం చక్కగా ఊగేది, తోసే బలమే లేదు.

అడిగిన చోటల్లా "దీనికి స్ప్రింగు దొరకదండీ, బ్యాటరీ మిషను వేసేద్దాం" అనడమే. ఒకాయనైతే నడుస్తున్న ఇంకో జనతా విప్పి దాని స్ప్రింగు వేస్తానన్నాడు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైంది హెచ్‌ఎమ్‌టీ వాచీల ఫ్యాక్టరీ. ఆ వాచీల కంపెనీ మూసివేతకి కేంద్రం 2016లో ఒప్పుకుంది. ఆ పాత వాచీలు ఇప్పుడు ఎన్ని మిగిలితే అన్నే. ఒకదాన్ని బతికించడానికి బాగున్న ఇంకోదాన్ని చంపడం ఏం న్యాయం?

ఇవాళ బెజవాడ వన్‌టౌన్‌లో మెట్ల కింద కొట్టు పెట్టుకున్న బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన 'దొరకదు' అనలేదు. ముందు స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బీ, బ్యారెల్, మూత తీసి చూపించాడు. లోపలి చివర, ఇరుసు కొక్కేనికి తగులుకునే చోటే తెగింది. "చుట్టు అక్కడే బిగుతుగా ఉంటుందమ్మా, తెగితే అక్కడే తెగుతుంది" అన్నాడు. బయటికి తీయగానే అది ఎస్ ఆకారంలోకి విచ్చుకుంది.

తర్వాత కొలతలు: వెడల్పు, మందం, పొడవు, బ్యారెల్ లోపలి వ్యాసం. వెడల్పు ఎక్కువైతే మూతకి రాసుకుంటుంది. అసలు తిరకాసంతా మందంలో ఉంది. మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల ఉండే ఆ రేకు ఇంకో పది శాతం మందమైతే చాలు, బలం దాదాపు మూడో వంతు పెరిగిపోతుంది. అప్పుడు బ్యాలెన్సు అతిగా ఊగి కొట్టుకుంటుంది, వాచీ ముందుకి పరిగెడుతుంది. పల్చనైతే నీరసం. పోనీ పొడుగైంది వేస్తే ఎక్కువసేపు నడుస్తుందా అంటే, అదీ కాదు. ఇరుసుకీ గోడకీ మధ్య చోటులో స్ప్రింగు సగం ఆక్రమించి, సగం ఖాళీగా ఉంటేనే ఎక్కువ చుట్లు విప్పుకుంటుందట. సరిపోయేదంటే ఏదో ఒకటి పట్టేయడం కాదన్నమాట.

బిస్కెట్ల డబ్బాలో పెన్సిలుతో కొలతలు రాసిన చిన్న కాగితం కవర్లు. ఒక కవరులోది వెడల్పూ మందమూ సరిపోయింది గానీ, చూసి ఆయనే పక్కన పెట్టేశాడు. అది చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీది. దాని బయటి చివర గోడ మీద జారేలా చేసి ఉంటుంది, కీ ఇచ్చే వాచీలో అలా జారకూడదు. నేను చూసినా గుర్తు పట్టలేని తేడా అది. ఆయన చెప్పకుండా వేసేసి డబ్బులు తీసుకుని ఉండొచ్చు. ఆ నిజాయితీకి నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

చివరికి కావలసింది దొరికింది. కొత్తది సన్నటి రింగులో చుట్టి వస్తుంది. బ్యారెల్‌ని పెట్రోలుతో కడిగి, రింగు దాని మీద ఆనించి, చుట్టు ఏ వైపు తిరిగిందో ఇంకోసారి చూసుకుని, కర్రముక్కతో నొక్కాడు. టక్కున లోపల కూర్చుంది. చేత్తో చుట్టి పెడితే మెలిపడుతుందని ఆయన ఎప్పుడూ అలా చేయడట. ఓ చుక్క నూనె వేసి మూత బిగించాడు.

కీ నన్నే ఇమ్మన్నాడు. తిప్పుతుంటే బిగువు వేళ్లకి తెలిసింది. సెకనుకి ఐదు టిక్కుల చప్పుడు.

"బిగిసిన చోట ఆపమ్మా. రోజూ పొద్దున్నే ఒకే వేళకి ఇవ్వు. వారం పోయాక తెస్తే టైము సరిచేస్తా" అన్నాడు. రోజూ ఎంత తేడా వస్తోందో పొద్దుటి రేడియో వార్తలతో సరిచూసి రాసిపెట్టే పని నాన్నకి అప్పజెప్పాను. ఆయన అప్పుడే క్యాలెండరు పక్కన పెన్ను కట్టేశాడు.