నౌపడ నుంచి పాతపట్నం దాకా: ఒక చిన్నబండి జాడలో

సంక్రాంతి వెళ్ళిన వారానికి గాని ఉత్తరాంధ్ర రైళ్ళలో కాలు పెట్టే చోటు దొరకదు. పండుగకు వచ్చినవారంతా హైదరాబాదుకూ చెన్నైకీ తిరిగి వెళ్ళిపోయాక మిగిలే ఆ కాస్త ఖాళీని చూసుకునే మా రైలు అభిమానుల సంఘం ఏటా జనవరి మూడో వారంలో కలుసుకుంటుంది. ఈసారి కూడిక ఆమదాలవలసలో జరిగింది. విజయనగరంలో ఉంటున్న నాకు అది 70 కిలోమీటర్ల ప్రయాణం మాత్రమే కాబట్టి, ఇంట్లో పెద్దగా సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేకుండా రెండు జతల బట్టలు, ఒక టేపు, ఒక నోటుపుస్తకం సంచిలో వేసుకుని ఉదయం బండికి బయలుదేరాను.

చీపురుపల్లి, పొందూరు దాటి నాగావళి వంతెన మీదికి బండి ఎక్కగానే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ నీటి ధారను చూసిన కాసేపటికే ఆమదాలవలస వస్తుంది. అయితే స్టేషను బోర్డు మీద ఆ ఊరి పేరు కాక శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. బ్రిటిషువారి కాలంలో దీనినే చికాకోల్ రోడ్ అనేవారు. పేరు చివర 'రోడ్' ఉన్నదంటే ఊరు ఇక్కడ లేదని, ఇక్కడ దిగి రోడ్డు పట్టుకుని వెళ్ళాలని అర్థం. మద్రాసునూ కలకత్తానూ కలిపే తూర్పు తీరపు లైను 1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా దశలవారీగా పూర్తయినప్పుడు, జిల్లాకు పేరిచ్చిన పట్టణాన్ని పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరాన వదిలేసి వెళ్ళింది. ఆ దూరాన్ని శ్రీకాకుళం వాసులు నేటికీ ఆటోలలోనూ బస్సులలోనూ పూడ్చుకుంటూనే ఉన్నారు.

స్టేషనుకు దగ్గరలో అద్దెకు తీసుకున్న ఒక కల్యాణ మండపంలో అరవై మంది దాకా కూడాము. వధూవరులు కూర్చునే పీఠం మీద పట్టాల ముక్కలు, అట్ట టికెట్లు, గార్డు లాంతర్లు పేర్చి పెట్టగా, ఆ మండపం కాపలాదారు వచ్చి చూసి, ఇదేమి పెళ్ళి అన్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయాడు. వచ్చినవారిలో సగం మంది రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. మిగతా సగం నాలాగ రైల్వేతో టికెట్టు కొనడం తప్ప వేరే సంబంధం లేనివారు. మొదటివారికి జ్ఞాపకాలు ఎక్కువ, రెండోవారికి ఆవేశం ఎక్కువ. ఏటా కూడికలో జరిగే వాదాలన్నీ ఈ తేడాలోంచే పుడతాయి.

ప్రదర్శనలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మూడు చేతి లాంతర్లు. మూడూ ఒకే పని చేసినవే: లోపల దీపం, చుట్టూ తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అద్దాలు. కాని మొదటి దాని రేకు మీద బెంగాల్ నాగపూర్ రైల్వే పొడి అక్షరాలు, రెండో దాని మీద ఆగ్నేయ రైల్వేవి, మూడో దాని మీద తూర్పు తీర రైల్వేవి పోతపోసో గీసో ఉన్నాయి. మా ఈ లైను 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చి, 1944లో ప్రభుత్వపరమై, 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వే అయి, 2003లో తూర్పు తీర రైల్వే అయింది. ఈ చరిత్రను నేను పుస్తకాలలో చదివి ఎన్నిసార్లు మరచిపోయానో లెక్కలేదు. మూడు తుప్పు రేకులను పక్కపక్కన చూశాక ఇక మరచిపోనని అనుకుంటున్నాను.

ఆ పక్కనే ఒక సభ్యుడు తుక్కు వేలంలో కొన్న నీల్స్ బాల్ టోకెన్ ఉంది. పిడికిట్లో ఇమిడే ఉక్కు గోళం అది. చేతుల అరుగుదలకు దాని మీది అంకె, స్టేషన్ల అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా కాపాడిన వస్తువు ఇదేనని చెబితే కుర్రవాళ్ళకు నమ్మకం కుదరలేదు. అప్పుడు విశ్రాంత స్టేషను మాస్టరు ఒకాయన వంటవాళ్ళ దగ్గర నుంచి రెండు స్టీలు గిన్నెలు, అరడజను నిమ్మకాయలు తెప్పించి బల్ల రెండు చివరలా పెట్టారు. "ఇటు గిన్నె ఒక స్టేషను, అటు గిన్నె పక్క స్టేషను. ఈ రెండు గిన్నెలలో కలిపి ఎన్ని కాయలున్నా, ఏ సమయంలోనైనా బయట ఉండవలసినది ఒకే ఒక్కటి" అని మొదలుపెట్టారు. రెండు స్టేషన్లలోని యంత్రాలను తీగతో కలుపుతారు. అవతలి మాస్టరు గంట కొట్టి ఒప్పుకుంటే గాని ఇవతలి యంత్రం గోళాన్ని వదలదు. ఒకసారి వదిలిందా, ఆ గోళాన్ని డ్రైవరు తీసుకుని వెళ్ళి పక్క స్టేషనులో అప్పగించి, దానిని అక్కడి యంత్రంలో వేసేదాకా ఇటునుంచి గాని అటునుంచి గాని మరొక గోళం రాదు. యంత్రం పిడికి మూడే స్థానాలు: లైను మూసి ఉంది, బండి వెళ్తోంది, బండి వస్తోంది. గోళం చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపకూడదు. ఆగని బండికి తోలు సంచిలో పెట్టిన గోళాన్ని పెద్ద బెత్తపు వలయానికి కట్టి ప్లాట్‌ఫాం మీద నుంచి అందిస్తే, ఇంజన్‌లోని మనిషి చెయ్యి చాచి వలయంలోకి మోచేయి దూర్చి అందుకునేవాడు. వర్షపు రాత్రిళ్ళలో ఆ వలయం దెబ్బ ఎలా తగిలేదో మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించారు. నిమ్మకాయలు ఆ తరువాత మధ్యాహ్నం పులిహోరలోకి వెళ్ళాయి.

సాయంత్రం అసలు వాదం చిన్నబండి దగ్గర వచ్చింది. పర్లాకిమిడి రాజులు తమ సొంత సొమ్ముతో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన, పట్టాల మధ్య దూరం (గేజి) 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న చిన్న లైను 1900లో మొదలైంది. 1931 నాటికి అది గుణుపురం చేరి 90 కిలోమీటర్ల లైనుగా నిలిచింది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఒక జమీందారీలో పుట్టిన ఈ లైను రెండు రాష్ట్రాల పాలైంది: టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోగా, పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్ళాయి. 2004 జూన్‌లో చిన్నబండిని ఆపి, పట్టాలు తీసి, 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి వేశారు. ఒక యువసభ్యుడు పాత ఫొటోలు తెరమీద చూపిస్తూ, కొండలలో నడిచే చిన్న రైళ్ళను ప్రపంచం నెత్తిన పెట్టుకుంటుంటే మనం ఉన్నదాన్ని తుక్కు కింద అమ్ముకున్నామని ఆవేదనపడ్డాడు. చప్పట్లు మోగాయి, నేనూ కొట్టాను. వెనుక వరుసలో కూర్చున్న విశ్రాంత గార్డు గారు మాత్రం లేచి, "నాయనా, 2004లో ఆపిన బండి మళ్ళీ పర్లాకిమిడి వెళ్ళింది 2010 ఆగస్టులో. గుణుపురం వెళ్ళింది 2011లో. ఆ మధ్య ఆరేళ్ళు ఆ ఊళ్ళ వాళ్ళు ఎలా తిరిగారో ఒక్క ఫొటో ఉందా?" అని అడిగి కూర్చున్నారు. ఫొటో లేదు.

మరునాడు ఉదయం విశాఖపట్నం నుంచి గుణుపురం వెళ్ళే పాసింజరులో అందరమూ పాతపట్నానికి టికెట్టు తీసుకుని ఎక్కాము. ఊర్లాం, తిలారు గడిచాక నౌపడ. ఒకప్పుడు ఇక్కడ పెద్దబండి దిగి చిన్నబండి ఎక్కేవారు. ధాన్యం బస్తాలు ఆ వాగను నుంచి ఈ వాగనుకు కూలీల వీపుల మీద మారేవి. రెండు గేజీలు కలిసే ప్రతిచోటా ఉండే ఈ మార్పిడి ఖర్చును, ఆలస్యాన్ని లెక్కవేస్తే గేజి మార్పు ఎందుకు జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. నౌపడ అనగానే ఈ జిల్లావారికి ముందు గుర్తొచ్చేది ఉప్పు. ఆ ఉదయపు ఎండలో ఊరి అవతల మడులు అద్దం ముక్కల్లా మెరుస్తుంటే, కిటికీల దగ్గర కెమెరాలన్నీ అటే తిరిగాయి. గార్డు గారు మాత్రం తన చేతి గడియారాన్నీ, ఒళ్ళో పెట్టుకున్న పుస్తకాన్నీ తప్ప దేనినీ చూడడం లేదు.

నౌపడకు పది కిలోమీటర్ల లోపే టెక్కలి. నా తెలివితక్కువతనం అక్కడ బయటపడింది. ఎదురుబండి ఉంది కాబట్టి ఇక్కడ పది నిమిషాలు ఆగుతామని మాలో ఒకరు గట్టిగా చెప్పడంతో నేను దిగి, ప్లాట్‌ఫాం చివర కంచెకు గుంజగా పాతిన ఒక పాత పట్టా దగ్గరికి వెళ్ళాను. అది మామూలు పట్టా కాదు, బక్కపలచనిది. నిలువెత్తు నా జానెడులో సగానికి కాస్త పైన. తల ఒక పక్క మాత్రమే అరిగి, మరో పక్క అంచు పదునుగానే ఉంది. అంటే ఏదో వంపు మీద చక్రాల ఒరిపిడి ఏళ్ళ తరబడి ఒకే వైపు పడి ఉండాలి. నడుము మీద పొరలు పొరలుగా పూసిన తారు కింద ఉబ్బెత్తు అక్షరాలు చేతికి తగిలాయి. తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం పట్టాను మిల్లులో సాగదీసేటప్పుడే దాని నడుము మీద ఉబ్బెత్తుగా వేయడం ఆనవాయితీ కాబట్టి, ఇంటి తాళంచెవితో తారు గీకడం మొదలుపెట్టాను. ఒక అక్షరం తేలింది, రెండోది సగం తేలింది. హారన్ విన్నాను గాని అది ఎదురుబండిదే అనుకున్నాను. తల తిప్పి చూసేసరికి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫాం దాటుతోంది. దాని తలుపు దగ్గర మా కూడిక మొత్తం నిలబడి నాకు చేతులు ఊపుతోంది. ఎదురుబండి ఏదీ లేదు.

ఆ లైను మీద రోజుకు నడిచేవి కొద్ది బండ్లే. చేసేది లేక ఆటోలో కాంప్లెక్సుకు వెళ్ళి, పాతపట్నం బస్సు ఎక్కాను. పక్క సీటులో జీడిపప్పు మూట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలమ్మకు నా కథ చెబితే, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చిన్నబండి ఎక్కేవారా అని అడిగాను.

"ఎక్కక సేత్తామేటి బాబూ! ఉప్పు మూటలేసుకుని ఎక్కీవోళ్ళం. అది నడిసినా నడిసినట్టుండదు. ఓపాలి గట్టుకాడ ఆగిపోతే మావంతా దిగిపోయి సెట్టుకింద కూకుండిపోయినాం."

పోయినందుకు బాధగా లేదా అన్నాను.

"బాదెందుకు? ఇప్పుడు ఇశాపట్నం పెద్దాసుపత్రికి కూకున్న సీటునుంచి లెగకుండా ఎల్లిపోతన్నాను."

ఆమెకు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. ముందురోజు నేను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. ఆ యువకుడి మాటా అబద్ధం కాదు. ఆ లైనులో ఒక పది కిలోమీటర్ల ముక్కనైనా చిన్న పట్టాలతో అలాగే ఉంచి ఉంటే, ఉప్పు మూటలు మోసిన ఆమె మనుమలకు చూపించడానికి ఏదో ఒకటి మిగిలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాని ఆ ముక్కను ఏ ఊరి దగ్గర ఉంచాలన్నది ఆ ఊరివాళ్ళను అడగవలసిన విషయం. మండపంలో కూర్చున్న అరవై మందిలో ఈ లైను పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

పాతపట్నంలో నేను దిగేసరికి మావాళ్ళు నీలమణి దుర్గ అమ్మవారి దర్శనం ముగించుకుని, హోటలు ముందు బల్లల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఎవరూ ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధించింది. పట్టా సంగతి చెబితే గార్డు గారు దాని ఎత్తు, అరుగుదల అడిగి, కాసేపు ఆలోచించి, చిన్నబండిదే అయి ఉండాలన్నారు. తేలిన అక్షరం ఏమిటని అడిగారు. 'బి' అన్నాను. "బాగుంది, ఇక ఇరవై అక్షరాలు మిగిలాయి" అన్నారు.

తిరుగు బండిలో ఆయన నిద్రపోతుంటే ఒళ్ళోని పుస్తకం జారి కిందపడింది. తీసి ఇవ్వబోతూ తెరిచి ఉన్న పేజీ చూశాను. సర్వీసులో గార్డులు రాసే జర్నల్ పద్ధతిలోనే గళ్ళు గీసుకుని, ఉద్యోగం వదిలి ఎన్నో ఏళ్ళయినా, స్టేషను పేరు, బండి వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, ఆలస్యానికి కారణం ఒక్కటీ తప్పకుండా ఎక్కిస్తున్నారు. టెక్కలికి ఎదురుగా వచ్చిన వేళకూ వెళ్ళిన వేళకూ రెండే నిమిషాల తేడా ఉంది. ఆలస్యం గడిలో 'లేదు' అని ఉంది. దాని పక్కన, గళ్ళలో చోటు చాలక అంచుకు ఎక్కించి, ఎర్ర సిరాతో రాశారు: ప్రయాణికుడు ఒకడు పట్టా గీకుతూ మిగిలిపోయాడు. మూడు వరుసల కింద, పాతపట్నం ఎదుట: మిగిలినవాడు బస్సులో చేరాడు, సామాను క్షేమం.