వేళ్లతో చూసిన గింజ

ఈరోజు శనివారం. కంటి పరీక్ష కోసం నాన్న పొద్దున్నే ఊరి నుంచి ఒంగోలు వచ్చారు. పరీక్షకు ముందు వేసిన చుక్కల మందు ప్రభావం సాయంత్రమైనా తగ్గలేదు, దగ్గరి వస్తువులన్నీ మసగ్గానే కనిపిస్తున్నాయన్నారు. అలాంటి చూపుతో ఆయనను ఒంటరిగా బస్సెక్కించడానికి మనసొప్పక, రాత్రికి ఇక్కడే ఉండమన్నాను. మా అబ్బాయి వారం రోజులుగా షవర్మా అని అడుగుతున్నాడు కాబట్టి ముగ్గురం కలిసి కర్నూలు రోడ్డులోని ఒక చిన్న దుకాణానికి వెళ్లాం. నాన్న శనివారం నీచు ముట్టరు. అక్కడ ఫలాఫెల్ అని శనగలతో చేసే వంటకం కూడా ఉంటుందని చెబితే, "శనగలు తినడానికి ఒంగోలు దాకా రావాలా అమ్మా" అన్నారు.

దుకాణంలో ఉన్నవి ఆరు బల్లలు. నడుపుతున్న అతను కువైట్‌లో కొన్నేళ్లు వంటపని చేసి వచ్చాడు. వాకిట్లో నిలువు కడ్డీకి పొరలు పొరలుగా గుచ్చిన కోడిమాంసం మంట ముందు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, పైపొర కాలగానే పొడవాటి కత్తితో సన్నగా చెక్కుతారు. షవర్మా అన్న మాటకు మూలమైన తుర్కీ పదానికి 'తిప్పడం' అనే అర్థం. మా అబ్బాయికి షవర్మా చెప్పే ముందు, మయోనీజ్‌లో పచ్చి గుడ్డు వేస్తారా అని అడిగాను. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పటి నుంచి, ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్న అడగకుండా ఉండలేకపోతున్నాను. అతను విసుక్కోలేదు. గుడ్డు లేకుండా వెల్లుల్లి, నూనె, నిమ్మరసంతో తానే చేసుకుంటానని చెప్పి గిన్నె తెచ్చి చూపించాడు. ఫలాఫెల్ వేయించే బాణలి వేరే ఉందా అని నాన్న అడిగినప్పుడు కూడా అంతే ఓపికగా, "వేరేదే పెద్దాయనా, మాంసం ఆ పొయ్యి దగ్గరికే రాదు" అన్నాడు.

ఫలాఫెల్ ఎలా చేస్తారో చూడాలని నేను పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పచ్చగా ఉన్న శనగ ముద్దను మీట ఉన్న చిన్న స్టీలు అచ్చులో అదిమి, మీట నొక్కి నూనెలోకి జారవిడుస్తున్నాడు. తెల్లశనగలను 12 గంటలు నానబెట్టాలే తప్ప ఉడకబెట్టకూడదట, ఉడికిన శనగలైతే నూనెలో పడగానే విడిపోతాయట. నానిన గింజలను ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలతో రుబ్బుతాడు. అరబ్బు దేశాల్లో వేసే పార్‌స్లీ ఆకు ఇక్కడ సులభంగా దొరకదు కాబట్టి కొత్తిమీర, పుదీనా కలుపుతాడు. ఈజిప్టులో ఇదే వంటకాన్ని శనగలకు బదులు బాకులా అనే ఒక రకం చిక్కుడు గింజలతో చేసి తామియా అంటారు.

ప్లేటు వచ్చాక నాన్న ఒక ఫలాఫెల్‌ను రెండుగా విరిచారు. పైన ముదురు గోధుమ రంగు పెచ్చు కరకరమని విరిగింది, లోపలి పచ్చటి ముద్దలోంచి ఆవిరి లేచింది. చూపు ఆనకపోవడం వల్ల ఆయన ఆ ముద్దను కొంచెం తీసి, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నలిపి, తర్వాత నోట్లో వేసుకున్నారు. "మన మసాలా వడే గదమ్మా. మనం పప్పు వేస్తాం, వీళ్లు గింజ వేశారు. ఇంకాస్త బరకగా రుబ్బితే బాగుండేది" అన్నారు. పక్కన పెట్టిన నువ్వుల ముద్ద, అంటే తహీనా, ఆయనకు బాగా నచ్చింది. ఖుబూస్ రొట్టె మాత్రం సాగుతోందని పక్కన పెట్టేశారు.

నాన్న ఇరవై ఏళ్లకు పైగా తెల్లశనగ వేస్తున్నారు. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో మిగిలిన పదునుకు విత్తనం వేస్తే, మిగతాది మంచు చూసుకుంటుంది. నా చిన్నప్పుడు పొద్దున్నే శనగ చేలో దిగితే ఆకుల మీది పులుపు కాళ్ల పగుళ్లలో చురుక్కుమనేది. ఇంత పండించినా మా ఇంట్లో వండింది ఎర్రశనగలే. వాటితోనే గుగ్గిళ్లు, వాటి పప్పుతోనే వడలు. తెల్లశనగ అమ్మకానికి మాత్రమే. ధర లేని ఏడాది బస్తాలు నేరుగా కోల్డ్ స్టోరేజీకి వెళ్లేవి, వాటి మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూ ఉండేది. కొనడానికి వచ్చిన ప్రతి వ్యాపారీ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, మీ కాక్-2 రకం గింజ సన్నం, డాలర్ శనగంత లావు లేదు అంటూ ధర తగ్గించేవాడు. ఆ మాటకు నాన్న దగ్గర ఎప్పుడూ జవాబు లేకపోవడం నేను చూశాను. ఆ అవమానం నాకు ఇంకా మరుపు రాలేదు.

తినడం పూర్తయ్యాక నాన్న దుకాణదారుని పిలిచి, నానబెట్టకముందు గింజ ఎలా ఉంటుందో చూపించమన్నారు. అతను లోపలి నుంచి దోసెడు గింజలు తెచ్చి ఆయన చేతిలో పోశాడు. నాన్న కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్క గింజనూ బొటనవేలితో దొర్లించి, "ఇది డాలర్ శనగ. మన నేలది కాదు" అన్నారు. ఇండోర్ నుంచి వచ్చిన సరుకేనని అతను ఒప్పుకున్నాడు.

"రుబ్బేదానికి గింజ లావు దేనికబ్బాయా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. బల్ల అంచు మీద చేతులు ఆనించి కాసేపు ఆలోచించి, గింజను గింజగా వడ్డించే కూరకైతే లావు కావాలి గానీ ఫలాఫెల్‌కూ, శనగలు మెత్తగా రుబ్బి చేసే హుమ్ముస్‌కూ అవసరం లేదని, కువైట్‌లో కూడా రుబ్బడానికి చిన్న గింజే వాడేవాళ్లమని చెప్పాడు. ఇన్నేళ్లుగా ఏ వ్యాపారీ అనని మాట అది. ఐదు కిలోలు పంపితే ఒకరోజు పిండి దానితోనే వేసి చూస్తానన్నాడు. కిలో ఎంత అని కూడా అతనే అడిగాడు. ముందు వండి చూడమని, ధర తర్వాత మాట్లాడుకుందామని నాన్న అన్నారు.

అతను ఒక కాగితం ముక్క మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు. నాన్న దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు, అంకెలు ఆనలేదు. నాకివ్వండి దాస్తానన్నా ఇవ్వకుండా, నాలుగు మడతలు పెట్టి, కంటి డాక్టరు చీటీతో పాటు జేబులో పెట్టుకున్నారు. ఇంటికి రాగానే అమ్మకు ఫోన్ చేసి, విత్తనానికి ఉంచిన బస్తా విప్పవద్దని, పక్కనున్న దాంట్లోంచి ఐదు కిలోలు చెరిగి ఉంచమని చెప్పారు.