గ్రెట్జ్‌కీ కెరీర్ లెక్క కుదిర్చిన తీరు: నా అనుభవం

వేన్ గ్రెట్జ్‌కీ ఐస్ హాకీ కెరీర్ మొత్తాన్ని తెలుగులో ఒక్క పేజీ పట్టికగా రాసుకున్నాను. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 1979 నుంచి 1999 దాకా ఇరవై సీజన్లు, నాలుగు జట్లు. అంకెలు ఎక్కించడం ఒక పూట పని. కూడిక సరిచూడడానికే ఎక్కువ సమయం పట్టింది.

ఒక్కో సీజన్ వరుసలో ఆడిన మ్యాచ్‌లు, గోల్స్, అసిస్ట్‌లు, పాయింట్లు ఉంటాయి. గోల్‌కి ఒక పాయింటు, అసిస్ట్‌కీ ఒక పాయింటే. గోల్ పడేముందు పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) అందించిన ఇద్దరి వరకూ అసిస్ట్ రాస్తారు. అందుకని గోల్స్, అసిస్ట్‌లు కలిపితే పాయింట్ల గడిలోని అంకె రావాలి. 1981-82లో 92, 120 కలిపితే 212. 1985-86లో 52, 163 కలిపితే 215. ఒక్క అంకె తారుమారైనా ఇక్కడే దొరుకుతుంది.

నన్ను బాగా తిప్పలు పెట్టింది 1995-96. ఆ సీజన్ మధ్యలో ఆయన లాస్ ఏంజెలెస్ నుంచి సెయింట్ లూయిస్‌కి మారాడు. దానికి మూడు వరుసలుంటాయి: లాస్ ఏంజెలెస్‌కి 62 మ్యాచ్‌లు, 81 పాయింట్లు, సెయింట్ లూయిస్‌కి 18 మ్యాచ్‌లు, 21 పాయింట్లు, కింద రెండూ కలిపిన 80, 102. నిలువునా కూడితే ఆ మూడో వరుస రెండోసారి లెక్కలోకి వస్తుంది. మొత్తం 2,857 రావాల్సింది 2,959 వచ్చిందంటే కారణం ఇదే. జట్ల వారీగా కూడి చూస్తే నమ్మకం కుదురుతుంది: ఎడ్మంటన్ 1,669, లాస్ ఏంజెలెస్ 918, సెయింట్ లూయిస్ 21, న్యూయార్క్ రేంజర్స్ 249.

ప్లేఆఫ్స్ అంకెలు అదే వరుసలో కుడివైపున ఉంటాయి. వాటిని రెగ్యులర్ సీజన్‌లో కలపకూడదు. 1,487 మ్యాచ్‌ల్లో 894 గోల్స్ ఒక లెక్క, ప్లేఆఫ్స్ 208 మ్యాచ్‌ల్లో 122 గోల్స్ ఇంకో లెక్క. ఎడ్మంటన్‌తో గెలిచిన నాలుగు స్టాన్లీ కప్పులు, అంటే ప్లేఆఫ్స్ విజేతకిచ్చే లీగ్ టైటిళ్లు (1984, 1985, 1987, 1988), ఈ రెండో లెక్క పక్కన రాసుకోవాలి.

పై వరుసలో ఉండే 1978-79 ఇంకా చిక్కుది. ఆ ఏడాది ఆయన ఆడింది ఎన్‌హెచ్‌ఎల్‌కి పోటీగా నడిచిన డబ్ల్యూహెచ్‌ఏ అనే లీగ్‌లో: ఇండియానాపోలిస్‌కి 8 మ్యాచ్‌లు, ఎడ్మంటన్‌కి 72, మొత్తం 110 పాయింట్లు. క్రికెట్‌లో కెర్రీ ప్యాకర్ విడిగా నడిపిన సిరీస్ పరుగులు టెస్టు రికార్డుల్లోకి రానట్టే ఇవి ఎన్‌హెచ్‌ఎల్ మొత్తంలోకి రావు. అయితే కొత్త ఆటగాళ్ల బహుమతి కాల్డర్ ట్రోఫీ విషయంలో మాత్రం ఆ సీజన్‌ని లెక్కలోకి తీసుకుని, ఆయన కొత్తవాడు కాదన్నారు. 1979-80 కాల్డర్ రే బోర్క్‌కి వెళ్లింది. పాయింట్ల పట్టీలో కూడా ఆ ఏడాది గ్రెట్జ్‌కీ, మార్సెల్ డియోన్ ఇద్దరూ 137 దగ్గర ఆగారు. పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీని గోల్స్ 53 ఉన్న డియోన్‌కి ఇచ్చారు, 51 ఉన్న గ్రెట్జ్‌కీకి కాదు. ఈ రెండు సంగతులూ పక్క గడిలో రాయకపోతే, ఆ సీజన్ చూసిన పాఠకుడికి ఈ రెండు ట్రోఫీలూ ఎందుకు లేవో అర్థం కాదు.

పాత పేజీల నుంచి తీసుకునేవాళ్లకి ఇంకొకటి. అత్యధిక గోల్స్ రికార్డు ఇప్పుడు ఆయనది కాదు. 2025 ఏప్రిల్ 6న అలెక్స్ ఒవెచ్‌కిన్ 895వ గోల్ కొట్టాడు. ఆ వాక్యం దిద్దాలి. అయినా గ్రెట్జ్‌కీని గోల్స్ గడి చూసి అంచనా వేయడం నాకు సరికాదనిపిస్తుంది. అసిస్ట్‌లు 1,963. మొత్తం పాయింట్లలో రెండో స్థానంలో ఉన్న యారోమిర్ యాగర్‌కి గోల్స్, అసిస్ట్‌లు అన్నీ కలిపి 1,921. అంటే గ్రెట్జ్‌కీ గోల్స్ మొత్తం లెక్కలోంచి తీసేసినా పట్టీలో మొదటి పేరు ఆయనదే. అందుకే నా పట్టికలో అసిస్ట్‌ల గడిని గోల్స్ కంటే ముందు పెట్టాను.

గ్రెట్జ్‌కీ చివరి మ్యాచ్ 1999 ఏప్రిల్ 18, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. ఓవర్‌టైమ్‌లో యాగర్ కొట్టిన గోల్‌తో పిట్స్‌బర్గ్ 2-1 తో గెలిచింది. రేంజర్స్ కొట్టిన ఆ ఒక్క గోల్ బ్రయన్ లీచ్‌ది, అసిస్ట్ గ్రెట్జ్‌కీది.